దుంగల ఇల్లు: అమెరికా రాజకీయ స్మృతిలో ఒక ప్రతీక

ఉపోద్ఘాతం:
చెట్టు దుంగలను ఒకదానిపై ఒకటి అడ్డంగా పేర్చి, మూలల్లో గాట్లు పెట్టి బిగించి, సందులను మట్టితో పూడ్చి కట్టిన ఇంటిని అమెరికాలో ‘లాగ్ క్యాబిన్’ అంటారు. పేదరికంలో పుట్టి స్వయంకృషితో ఎదిగిన నాయకునికి అది అక్కడ ప్రతీక. ఈ అర్థం ఇంటితో పాటు పుట్టినది కాదు. ఎన్నికల ప్రచారం కల్పించినది. ఆ పరిణామాన్ని పరిశీలించడమే ఈ వ్యాస లక్ష్యం.

అవసరం నుంచి పుట్టిన ఇల్లు:
1638లో డెలవేర్ నదీతీరాన ఏర్పడిన న్యూ స్వీడన్ వలసకు చేరిన స్వీడన్, ఫిన్లాండ్ ప్రజలు ఈ నిర్మాణ పద్ధతిని వెంట తెచ్చారు. జేమ్స్‌టౌన్, ప్లిమత్‌లలో దిగిన తొలి ఆంగ్లేయులు దుంగల ఇళ్లలోనే నివసించారన్న నమ్మకాన్ని హెరాల్డ్ షర్ట్‌లెఫ్ గ్రంథం 1939లో ఖండించింది. ప్రధానంగా గొడ్డలితోనే కట్టుకోగల వీలుండటం వల్ల ఈ ఇల్లు సరిహద్దు అడవుల్లో వ్యాపించింది. కలిసివచ్చిన కుటుంబాలు కోత పలకల ఇళ్లకు మారేవి. అంటే అది ఆనాడు తాత్కాలిక అవసరమే గాని గర్వకారణం కాదు.

ఎగతాళి నుంచి జెండా వరకు:
1840 అధ్యక్ష ఎన్నికల్లో విగ్ పార్టీ అభ్యర్థి విలియం హెన్రీ హారిసన్‌కు ఒక పీపా సైడర్, కొంత పింఛను ఇస్తే దుంగల ఇంట్లో కాలం వెళ్లబుచ్చుతాడని ప్రత్యర్థి పక్షపు పత్రిక ఎద్దేవా చేసింది. విగ్‌లు ఆ ఎగతాళినే జెండాగా ఎత్తుకుని, ఊరేగింపుల్లో దుంగల ఇళ్లను బండ్లపై తిప్పారు. నిజానికి హారిసన్ పుట్టింది వర్జీనియాలోని బర్క్‌లీ ఎస్టేటు భవంతిలో. ప్రత్యర్థి వాన్ బ్యూరెన్ తండ్రి మద్యశాల నడిపిన రైతు. హారిసన్ 234 ఎలక్టోరల్ ఓట్లతో గెలిచారు. వాన్ బ్యూరెన్‌కు దక్కినవి 60.

1809లో కెంటకీలో దుంగల ఇంట్లోనే జన్మించిన లింకన్ వల్ల ఈ ప్రతీకకు నిజమైన ఆధారం దొరికింది. అయితే 1911లో ప్రారంభమైన స్మారక మందిరంలో ఆయన జన్మగృహంగా నిలిపిన ఇంటి దుంగలు 1840ల నాటివని చెట్టు వలయాల పరీక్షలో తేలింది. ఇప్పుడు దానిని ‘ప్రతీకాత్మక’ జన్మగృహమనే వ్యవహరిస్తున్నారు.

ప్రతీక దాచిన ఇల్లు:
దక్షిణాది ఎస్టేట్లలో బానిసల నివాసాలనూ ఇవే దుంగలతో కట్టారు. వర్జీనియాలో బానిసగా పుట్టిన బుకర్ టి. వాషింగ్టన్ బాల్యం అటువంటి ఇంట్లోనే గడిచింది. యజమాని ఎస్టేటుకు వంటశాల కూడా అదే. ఎన్నికల ఊరేగింపుల్లో ఈ ఇంటికి చోటు దక్కలేదు.

ముగింపు:
రెండు ఇళ్ల కలప ఒక్కటే, పేదరికమూ ఒక్కటే. భేదమల్లా గడప దాటే హక్కులో ఉంది. సరిహద్దు రైతు తన ఇంటిని విడిచి మరో మెట్టు ఎక్కగలిగాడు. బానిసకు ఆ స్వేచ్ఛ లేదు. అందుచేత దుంగల ఇంటిని పేదరికానికి చిహ్నంగా మాత్రమే చదివితే చరిత్రలో సగమే కనిపిస్తుంది. ఆ ఇంటిని విడిచిపోగలిగిన వారి కథే జాతీయ ప్రతీకగా నిలిచింది.