పారిస్ మందు, ద్నెప్రొపెత్రోవ్‌స్క్ ఆసుపత్రి

మన కథల్లో పిచ్చాసుపత్రి వచ్చిందంటే కరెంటు షాకు వస్తుంది, గొలుసులు వస్తాయి. మందు మాత్రం రాదు. 1952 తర్వాత ఆ ఆసుపత్రుల చరిత్రను మార్చింది మందే. ఆ చరిత్ర తెలుసుకోకుండా ప్రతి పిచ్చివాణ్ణీ వ్యవస్థపై తిరుగుబాటుదారుగా వ్యాఖ్యానించడం మన విమర్శకు అలవాటైంది. నాకది అంగీకారం కాదు.

క్లోర్‌ప్రోమజీన్ పిచ్చి కోసం పుట్టలేదు. రోన్-పులాంక్ కంపెనీలో పాల్ షార్పాంతియే 1950 డిసెంబరులో దాన్ని తయారుచేశాడు. దాని మాతృపదార్థం ఫినోథయజీన్ అద్దకపు రంగుల రసాయనశాస్త్రం నుంచి వచ్చింది. నౌకాదళ శస్త్రవైద్యుడు హెన్రీ లబోరీ ఆపరేషను రోగుల్లో ఒక విచిత్రమైన ఉదాసీనత గమనించాడు: మెలకువగానే ఉంటారు, దేనికీ చలించరు. 1952లో పారిస్‌లోని సెంట్-ఆన్ ఆసుపత్రిలో జాఁ డిలే, పియెర్ డెనికెర్ దాన్ని మానసిక రోగులకిచ్చారు. కేకలతో మోగే వార్డులు నెమ్మదించాయి. ఇది చిన్న విషయం కాదు. (మన సర్పగంధి వేరు ఉన్మాదానికి పనిచేస్తుందని గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ 1931లోనే రాశారు. అందులోంచి రెసర్పిన్ తీసి అమ్ముకున్నది స్విస్ కంపెనీ సీబా.)

ఎలా పనిచేస్తుందన్నదానికి దారి 1963లో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ చూపాడు. మెదడు కణాల మధ్య కబురు మోసే రసాయనం డోపమీన్. అది వచ్చి ఆనే తావులను ఈ మందు మూసేస్తుంది. దానితో లేని గొంతులు వినబడడం, లేని శత్రువులు కనబడడం తగ్గుతాయి. కాని కండరాల కదలికను నడిపేదీ ఆ డోపమీనే. అందుకే చేతులు వణుకుతాయి, ముఖం బిగుస్తుంది, కుదురుగా కూర్చోనివ్వని యాతన పట్టుకుంటుంది. ఏళ్ళ తరబడి వాడితే కొందరికి నాలుక, పెదవులు వాటంతటవే ఆడతాయి. మందు మానినా ఆగకపోవచ్చు. ఆడవాళ్ళకు నెలసరి ఆగవచ్చు. తర్వాత వచ్చిన క్లోజపీన్‌తో వణుకు తక్కువే, కాని 1975లో ఫిన్లండ్‌లో తెల్లకణాలు పడిపోయి రోగులు మరణించారు.

అసలు చెప్పదలచింది ఇక్కడ మొదలవుతుంది. లియొనిద్ ప్ల్యూష్ కీవ్‌కు చెందిన గణితవేత్త, మార్క్సిస్టు. అసమ్మతి తెలిపినందుకు 1972 జనవరిలో అరెస్టు చేసి 'మందకొడి స్కిజోఫ్రీనియా' అన్నారు. అది మాస్కోలో స్నెజ్నెవ్‌స్కీ వైద్య సంప్రదాయం పెట్టిన పేరు. 1973 నుంచి ద్నెప్రొపెత్రోవ్‌స్క్ ప్రత్యేక ఆసుపత్రిలో హాలోపెరిడాల్ ఎక్కించారు. చూడబోయిన భార్యకు, ఒళ్ళు ఉబ్బి మాట కూడగట్టుకోలేని మనిషి కనిపించాడు.

సోషలిజం పేరు పెట్టుకున్న రాజ్యం కనుక మనం చూడనట్టు పోవాలా? ఫ్రెంచి కమ్యూనిస్టులు పోలేదు. 1975 అక్టోబరులో పారిస్ సభ తర్వాత వారి పత్రిక లుమానితే ఆయన విడుదలను కోరింది. 1976 జనవరిలో వదిలారు. ఆయన చేరింది ఫ్రాన్సుకే.

దీన్నిబట్టి మందే విషమని తీర్మానించేవారితోనూ నాకు పేచీ ఉంది. జబ్బు లేనివాడి నోరు కట్టేసిన హాలోపెరిడాలే, జబ్బుపడ్డవాణ్ణి ఎందరినో మళ్ళీ ఇంటివాళ్ళతో మాట్లాడనిచ్చింది. తేడా పెట్టింది రోగనిర్ణయం చేసే అధికారం ఎవరిదన్నది. సోవియట్ మనోవైద్యుల సంఘం, బహిష్కరణ తప్పేట్టు లేదని, 1983లో ప్రపంచ మనోవైద్య సంఘం నుంచి తనే తప్పుకుంది. 1989లో ఏథెన్స్‌లో షరతులకు లోబడి తిరిగి చేరింది.