గీకుడా, పూతా?

సంక్రాంతి ముందు ఇంటికి సున్నం వేయించడం మనకి తెలిసిన పనే. పాత సున్నం మీదే కొత్త పూత వేయించడం ఒక పద్ధతి. పెచ్చులన్నీ గీకించి మొదట్నుంచీ వేయించడం రెండోది. దాంతో ఇంట్లో సామానంతా వీధిలో పడుతుంది. కంప్యూటరుని నడిపించే విండోస్‌కీ ఏళ్ళ తరబడి ఇదే తగువు సుమండీ!

1995 ఆగస్టు 24న విండోస్ 95 వచ్చింది. పాత విండోస్ ఉన్నవాళ్ళు దానిమీదే ఎక్కించుకోవచ్చు. ఫ్లాపీలైతే 13, ఒకదాని తర్వాత ఒకటి! తక్కువ ధరకి అప్‌గ్రేడ్ కొనుక్కుని, ఖాళీ డిస్కు మీద వేయబోతే పాత ఫ్లాపీ చూపించమనేది. అత్తింటి రేషన్ కార్డులో పేరెక్కాలంటే, పుట్టింటి కార్డులో తీయించిన కాగితం అడగరూ, అలాగన్నమాట.

పూత వేస్తే పని సుళువే. కానీ తీసేశామనుకున్న ప్రోగ్రాముల తుక్కు, రిజిస్ట్రీ అనే చిట్టాలో పాత పద్దులు అలాగే ఉండిపోతాయి. అందుకే తెలిసినవాళ్ళు గీకుడుకే ఓటేసేవారు.

2009 అక్టోబరు 22న విండోస్ 7 వచ్చినప్పుడు, విస్టా ఉన్నవాళ్ళకి పూత కుదిరింది. 2001 నాటి ఎక్స్‌పీనే నమ్ముకున్నవాళ్ళకి కుదరలేదు. కొత్తగా వేసుకోవాల్సిందే. డిస్కు తుడవకుండా వేసుకుంటే పాత ఫైళ్ళన్నీ 'విండోస్ ఓల్డ్' అనే ఫోల్డర్లోకి చేరేవి, అటకెక్కించినట్టు! ప్రోగ్రాములు మాత్రం మళ్ళీ ఒక్కొక్కటీ వేసుకోవాలి.

2015 జూలై 29న వచ్చిన విండోస్ 10ని, 7, 8.1 ఉన్నవాళ్ళకి ఏడాదిపాటు ఉచితంగా ఇచ్చారు. ఉన్నదాని మీదే పూత. నచ్చకపోతే వెనక్కి వెళ్ళడానికి మొదట్లో నెల గడువు కూడాను. 2025 అక్టోబరు 14తో దాని మామూలు సంరక్షణా ముగిసింది. మళ్ళీ ఇంటింటా అదే ప్రశ్న.

మా పిన్ని ఇంట్లో బాగుచేయడానికొచ్చిన కుర్రాడు "ఫార్మాట్ కొట్టేస్తే హాయండీ" అన్నాడట. కొట్టాడు. కంప్యూటరు పరుగులు తీసింది, నిజమే. పోయిన బాబాయి ఫోటోలు పదేళ్ళవి దాంతోపాటే వెళ్ళిపోయాయి. తుక్కేదో, జ్ఞాపకమేదో యంత్రానికేం తెలుస్తుంది? పాపం, ఆ కుర్రాడికి మాత్రం?

కాబట్టి గీకించినా, పూత వేయించినా మీ ఇష్టం. ముందుగా ఫోటోలూ, ఉత్తరాలూ మరో డిస్కులోకి ఎక్కించి, తెరిచి చూసుకోండి. సున్నం వేసేవాడు వచ్చేలోగా గోడమీది పటాలు దింపుకునేది మనమే కదూ!