పసుపు ఓటు, ఆడవాళ్ల లెక్క

ఎన్నికల ఫలితాలు వచ్చిన రోజున మనకు చూపించేవి పార్టీల రంగులే. తెలంగాణ నుంచి లోక్‌సభకు వెళ్లే 17 మందిలో ఆ రంగులు ఎంత వేగంగా మారాయో చూడండి. టీఆర్ఎస్‌కు 2014లో 11 స్థానాలు, 2019లో 9. బీఆర్ఎస్‌గా పేరు మార్చుకున్నాక 2024లో ఒక్కటీ లేదు. ఇవే మూడు ఎన్నికల్లో బీజేపీ 1, 4, 8 కాగా కాంగ్రెస్ 2, 3, 8. ఇంత తారుమారులో ఆడవాళ్ల సంఖ్య మాత్రం 1, 1, 2.

ఈ కదలని లెక్క ఎలా తయారవుతుందో తెలుసుకోవాలంటే ఆర్మూర్‌ను ఆనుకుని ఉన్న పెర్కిట్ లాంటి ఊళ్ల వైపు చూడాలి. ఇది పసుపు, ఎర్రజొన్న పండే ప్రాంతం. నిజామాబాద్ లోక్‌సభ స్థానం నుంచి 1952 మొదలు 2014 దాకా ఒక్క మహిళా గెలవలేదు. 2014లో గెలిచిన కల్వకుంట్ల కవిత ఇక్కడి మొదటి మహిళా ఎంపీ. ఆ ఏడాది తెలంగాణ మొత్తానికీ ఆమె ఒక్కతే.

2019 నాటికి ఆర్మూర్ ప్రాంత రైతులు రోడ్డెక్కారు. క్వింటాలు పసుపుకు 15 వేలు, ఎర్రజొన్నకు 3,500 రూపాయల ధర ఇవ్వాలన్నారు. పసుపు బోర్డు కావాలన్నారు. చివరికి మూకుమ్మడిగా నామినేషన్లు వేశారు. 185 మంది బరిలో నిలిస్తే అందులో 170 మందికి పైగా రైతులే. పోలింగ్ కేంద్రాల్లో ఒక్కోచోట 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. బోర్డు తెస్తానని బాండ్ పేపర్ రాసిచ్చిన బీజేపీ అభ్యర్థి ధర్మపురి అరవింద్ 70,875 ఓట్ల తేడాతో కవితపై గెలిచారు. స్వతంత్రులకు పడ్డ ఓట్లన్నీ కలిపితే ఆ తేడాకన్నా ఎక్కువ.

ఈ పద్ధతి కొత్తది కాదు. 1996లో ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిపోయిన నల్లగొండ జిల్లా ప్రజలు ఇదే దారి పట్టారు. అక్కడ 480 మంది పోటీ చేస్తే బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. దేశమంతా వాళ్ల బాధ విన్నది. అదే ఏడాది లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్ 500 నుంచి 10 వేలకు పెరిగింది. 2009లో అది 25 వేలయింది. మామూలు మనిషి నామినేషన్ వేసి నిరసన తెలపడం అంతకంతకూ ఖరీదైపోయింది. 2019లో ఆర్మూర్ రైతులు తలా 25 వేలు కట్టి మరీ పోటీ చేశారంటే వాళ్ల కోపం ఎంతటిదో అర్థమవుతుంది.

ఆ కోపం న్యాయమైనదే. కానీ అందులో ‘రైతు’ అంటే ఎవరు? పసుపు దుంపల మట్టి దులిపి కొమ్ములు, మండలు వేరుచేసేదీ, ఎండబోసేదీ, ఏరేదీ ఎక్కువగా ఆడవాళ్లే. 2018లో వచ్చిన రైతుబంధు సొమ్ము మాత్రం పట్టాదారుకే అందింది. పట్టా లేని ఆడమనిషి రోజంతా చేలో ఉన్నా కాగితం మీద కూలీయే. క్వింటాలుకు ఎంత అని అందరూ అడిగారు. దినానికి ఎంత కూలి అని మేనిఫెస్టోల్లో ఎవరు అడిగారు? ఆ ఎన్నికలో ఓడిన మహిళ ముఖ్యమంత్రి కూతురు. గెలిచిన నినాదం రైతుది. పసుపు ఏరిన ఆడవాళ్లు ఈ రెండింటిలోనూ లేరు.

నిజామాబాద్‌లో మహిళ ఓడినా, 2019లో మహబూబాబాద్ ఎస్టీ స్థానం నుంచి మాలోత్ కవిత గెలిచారు. కాబట్టి లెక్క 1 దగ్గరే నిలిచింది. 2024లో మహబూబ్‌నగర్ నుంచి డీకే అరుణ, వరంగల్ నుంచి కడియం కావ్య. ఈ నలుగురి కులాలు, ప్రాంతాలు వేరు. ఒక్కటి మాత్రం ఉమ్మడి: నలుగురూ రాజకీయ నాయకుల కూతుళ్లు. వాళ్ల సామర్థ్యాన్ని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఆడవాళ్లకు ఇక్కడ టికెట్ ఏ గుమ్మం నుంచి వస్తుందో చూడమంటున్నాను. ఓటరు తీర్పుకు ముందే, పార్టీ ఆఫీసులోనే సగం ఎన్నిక ముగిసిపోతోంది.

ఎప్పుడూ ఇలాగే లేదు. స్వాతంత్ర్యోద్యమం నుంచీ అనాథ బాలికల సేవ నుంచీ వచ్చిన సంగం లక్ష్మీబాయి 1957లో వికారాబాద్ నుంచి, తర్వాత రెండుసార్లు మెదక్ నుంచి లోక్‌సభకు వెళ్లారు. నిజామాబాద్ జిల్లాలోనే ఉండిన ఎల్లారెడ్డి నుంచి రిపబ్లికన్ పార్టీ తరఫున దళిత నాయకురాలు ఈశ్వరీబాయి 1967లో శాసనసభకు గెలిచారు. వాళ్ల వెనుక ఉన్నవి ఉద్యమాలు. ఉద్యమాల నుంచి చట్టసభకు వెళ్లే ఆ తోవ క్రమంగా ఇరుకైంది.

జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో మొదలైంది. ప్రధాన కార్యాలయం నిజామాబాద్‌లోనే. ఒక ప్రాంతం ఓటుతో ఢిల్లీని కదిలించగలదని దీనివల్ల రుజువైంది. మూడోవంతు సీట్లు మహిళలకు కేటాయించే రాజ్యాంగ సవరణ 2023లో ఆమోదం పొందింది. కానీ జనగణన, నియోజకవర్గాల పునర్విభజన జరిగాకే అమలని అందులోనే రాశారు. అమలైన రోజున 17 మందిలో దాదాపు ఆరుగురు మహిళలుంటారు. అప్పుడు మనం అడగాల్సింది ఎంతమంది అని మాత్రమే కాదు. ఆ ఆరుగురిలో పసుపు ఏరిన చేతులు ఎన్ని, తండ్రి పేరు లేకుండా టికెట్ తెచ్చుకున్నవాళ్లు ఎందరు అని కూడా.