తప్పుపలుకు

మేడ్చలు బజారులో ఒకనాడు, ఒడిశానుండి కూలికి వచ్చిన యువకు డొకడు దుకాణముకడ ఉప్పు పప్పు అడుగుచుండగా మేము వింటిమి. ధర యెవరు చెప్పిరని దుకాణదారుడు ప్రశ్నింప, అతడు లోపలి యిల్లాలిని చూపి "అమ్మ చెప్పిండు" అనెను. అందరును పకపక నవ్విరి. ఒడియాలో క్రియకు స్త్రీపుంభేదము లేదని ఆ నవ్వినవా రెరుగరు. వారిలో నొక పెద్దమనిషి కుమారుడు అమెరికాలో చదువుచున్నాడు. తన యింగ్లీషు విని తోడివారు నవ్వుచున్నారని ఆ బాలుడు టెలిఫోనులో దుఃఖించెనని, వారము క్రిందట ఆ తండ్రియే మాతో చెప్పియుండెను.

మాటలోని తప్పునుబట్టి మనుష్యునికి వెలకట్టు నీ యాచారము ఎచ్చటిది? చరిత్ర కొంత చెప్పగలదు.

1860 నవంబరు 16వ తేదీన, మదరాసునుండి కూలీలను కొనిపోయిన ట్రూరో అను ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరెను. తరువాతి యోడలలో తెలుగువారు వేలకొలది నేటాలు చెరకుతోటలకు పోయిరి. నీకు ఇంగ్లీషు వచ్చునా యని వారి నెవరును అడుగలేదు. చెరకు నరకుటకు అక్షరములతో పనియేమి? కాని సొంత ఖర్చులతో మన వర్తకులు రాదొడగగానే, ఆ ప్రభుత్వము 1897లో ఒక చట్టము చేసెను. ఐరోపా భాషలలో నేదేని యొకదాని లిపిలో అర్జీ వ్రాయలేనివానికి ప్రవేశము లేదు. తన భాషలో పద్దులన్నియు వ్రాయగల వర్తకుడు రేవులో నిరక్షరకుక్షి యయ్యెను. ఒప్పందపు కూలీలకు మాత్రము ఆ నియమము వర్తింపదు!

ఆస్ట్రేలియా 1901లో ఈ మార్గమునే పట్టెను. అధికారి చదివిన యేబది మాటలను తప్పులేక వ్రాయవలెను. ఏ భాషయో నిర్ణయించువాడును అధికారియే. 1934లో ఎగాన్ కిష్ అను రచయితను రానీయరాదని తలచి, అతడు పలు భాషలు నేర్చినవాడగుటచే, స్కాట్లండులోని గేలిక్ భాషలో పరీక్ష పెట్టిరి. అది చెల్లదని అచ్చటి అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. 1958లో గాని ఆ పరీక్ష రద్దు కాలేదు.

ఇది తెల్లవారి దోషమేయని మనము చేతులు దులుపుకొనరాదు. 1921 నవంబరులో, మనకు చేరువనున్న హైదరాబాదులో, వివేకవర్ధని నాటకశాలయందు సంఘసంస్కార సభ జరిగెను. కార్వే మహాశయుడు అధ్యక్షుడు. న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున ప్రసంగింప నారంభించగానే సభికులు గేలిచేసిరి. ఆయన తెలుగులో తప్పులేదు, తెలుగగుటయే తప్పయ్యెను. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. తెలుగుగడ్డమీదనే తప్పులేని తెలుగును చూచి నవ్వినప్పుడు, నవ్వునకు కారణము వ్యాకరణ మెట్లగును? ఎవరి భాషకు అధికారమున్నదో వారి చెవికే న్యాయాధిపత్యము దొరకుచున్నది.

పరభాష నేర్వనక్కరలేదని మే మనుట లేదు. శామీర్‌పేటలోని నల్సారు న్యాయవిశ్వవిద్యాలయమున బోధన ఇంగ్లీషుననే జరుగును; అచ్చట చేరువానికి ఆ భాష రావలయును. పనికి కావలసినంత భాషను పనినిబట్టి పరీక్షించుట న్యాయము. యాసను విని బుద్ధిని కొలుచుట అన్యాయము. తడబడుచు పరభాష మాటలాడువాడు తనదగు మరియొక భాష నెరిగినవాడే గదా! ఆ తడబాటు అజ్ఞానమునకు గుర్తు కాదు, నేర్చుకొనుటకు గుర్తు.

ఆ పెద్దమనిషికి మే మీ సంగతులన్నియు చెప్పితిమి. ఆయన కొంతసేపు మిన్నకుండి, "మనము ఒడిశా బజారులో నిలిచి ఉప్పు అడుగగలమా?" అనెను. మేము బదులు చెప్పలేకపోతిమి. మరునాడు ఆ యువకుడు మరల వచ్చినప్పుడు, "చెప్పింది అనవలె, నాయనా" అని ఆయనయే నెమ్మదిగా దిద్దెను. ఆనాడు ఎవరును నవ్వలేదు.