శిస్తు నుంచి ఆదాయపు పన్ను దాకా: దత్త మండలాల అనుభవం

పన్ను రేటు అందరికీ ఒకటే అయితే అది అనుపాత పన్ను. ఆదాయంతోపాటు రేటు పెరిగితే పురోగామి పన్ను. రేటుకంటే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటుంది: పన్ను దేనిమీద వేస్తున్నాం?

1800లో నిజాం అనంతపురం ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. ప్రధాన కలెక్టరు థామస్ మన్రో పొలాలను కొలిపించి, నేల రకాన్నిబట్టి రైత్వారీ శిస్తు నిర్ణయించాడు. ఈ పద్ధతి చూడడానికి న్యాయంగానే ఉంది. కాని శిస్తు నేలమీద, డబ్బు రూపంలో స్థిరపడింది. పంట మాత్రం వానను నమ్ముకుంది. వాన తప్పిన ఏడాది అదే శిస్తు రైతు రాబడిలో ఎక్కువ భాగాన్ని మింగేది. భారం ఎక్కువైందని గ్రహించిన మన్రో 1807లో 25 శాతం తగ్గింపును, బావుల కింది సాగుకు అదనపు తగ్గింపును సిఫారసు చేశాడు. 1820లో ఆయన మద్రాసు గవర్నరైన తరువాతే తగ్గింపు అమలైంది.

1860లో మనదేశంలో ఆదాయపు పన్ను ప్రవేశించింది. 1886 చట్టం వ్యవసాయాదాయాన్ని దానినుంచి మినహాయించింది. రైతుకు ఇది మేలుగా కనిపిస్తుంది. అయితే ఆదాయం తగ్గితే తగ్గే పన్ను వర్తకుడికి దక్కింది. చేను ఎండినా, సర్కారు మాఫీ చేస్తే తప్ప పోని శిస్తు రైతుకు మిగిలింది.

కాబట్టి ఏ పన్ను సంస్కరణనైనా పరిశీలించేటప్పుడు రేట్ల పట్టికతో ఆగకండి. కరువు ఏడాదిలో ఆ పన్ను ఎవరిమీద, ఎంత పడుతుందో లెక్కవేసి చూడండి.