చందమామ ధారావాహికలు: మైత్రి, మర్మము, మరపు

తెలుగు బాలసాహిత్య చరిత్రలో మదరాసు నగరమునకు గల స్థానము విశిష్టమైనది. 1945లో న్యాయపతి రాఘవరావు దంపతుల 'బాల'యు, 1947 జూలైలో బి. నాగిరెడ్డి, చక్రపాణి గార్ల 'చందమామ'యు ఆ నగరముననే పుట్టినవి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మవతరించినప్పుడు మదరాసు దాని యెల్లలకు వెలుపల నిలిచిపోయెను. అయినను చందమామ కార్యాలయము వడపళనిని వీడలేదు. ఆ మరుసటి యేట, అనగా 1954లో, ఆ పత్రికయందు 'తోకచుక్క' యను ధారావాహిక ప్రారంభమయ్యెను. బాల్యమును దాటి యౌవనమును ఇంకను అందుకొనని వయస్సువారికి సాహసమును, మర్మమును కలబోసి చెప్పిన కథాపరంపరలో అది యొక ముఖ్యమైన మెట్టు.

దాని కర్త దాసరి సుబ్రహ్మణ్యంగారు. ఆయన 1932లో గుంటూరు జిల్లాలో జన్మించి, 1952లో చందమామ సంపాదకవర్గమున చేరి, 2006 వరకు, అనగా అర్ధశతాబ్దికి మించి, ఆ పత్రికనే సేవించెను. మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు అనునవి తోకచుక్కతో కలిసి పండ్రెండు. వీనినిండ మంత్రగాండ్రును, వికృతాకారులైన రాక్షసులును గలరు. వ్రాసినవాడు మాత్రము హేతువాది. అందుచేతనే కాబోలు, ఆ కథలలో మంత్రము భయపెట్టునే గాని నాయకుని కార్యమును తానై నెరవేర్చదు. చిక్కుముడిని విప్పునది మానవుని బుద్ధియు, ధైర్యమును, తోడి మనుజుని సాయమును.

తోడి మనుజుడన్న మాటయే ఈ కథలకు ప్రాణము. రాకాసిలోయలో కేశవుడును జయమల్లుడును, పాతాళదుర్గమున ధూమకసోమకులును, శిథిలాలయమున శిఖిముఖియు విక్రమకేసరియు, యక్షపర్వతమున ఖడ్గవర్మయు జీవదత్తుడును, మాయాసరోవరమున జయశీలుడును సిద్ధసాధకుడును జంటలై సంచరింతురు. ఏకవీరుడు దిగ్విజయము చేయు పురాణపద్ధతిని విడిచి, ఇరువురు యువకుల స్నేహమును కథకు ఇరుసుగా నిలుపుట గమనింపదగినది. ఆ స్నేహితులు ఒక్క అచ్చున పోతపోసినవారు కారు. శిఖిముఖి అడవి గూడెమున పెరిగినవాడు, విక్రమకేసరి రాజవంశీయుడు. జయశీలుడు కత్తిని నమ్మినవాడు, సిద్ధసాధకుడు కాళీభక్తుడై శూలమును చేతబట్టినవాడు. పుట్టుకలోను, నమ్మకములోను ఇట్టి అంతరములున్నను ఆపదలో ఒకరినొకరు విడువరు. ప్రతి మాసమును కథ ఆపదయొద్దనే ఆగెడిది. తరువాతి సంచికకై నెలదినములు వేచియుండుట నాటి బాలురకు వ్రతమువంటిది.

ఈ కథలు తెలుగునేలకే పరిమితము కాలేదు. చందమామ ఆరంభముననే తమిళమున 'అంబులిమామా'గా వెలువడెను. 1949లో కన్నడము, 1952లో మరాఠీ, 1956లో ఒరియా ప్రతులు తోడైనవి. కావున కర్ణాటకములోను, మహారాష్ట్రములోను, ఒడిశాలోను స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లలకు ఈ కథలు రెండు త్రోవల చేరగలిగినవి: ఇంట తెలుగు పలుకున, పాఠశాలలో నేర్చిన లిపియందు ఆ ప్రాంతపు పలుకున. తెలుగు బడి లేనిచోట అక్షరములు మరువకుండుటకు సరళమైన వాడుకభాషలో, పెద్ద అచ్చున వెలువడిన ఇట్టి పత్రిక ఎంతటి ఆధారమో వేరుగ చెప్పనక్కరలేదు.

అయితే మర్మకథలలోకెల్ల పెద్ద మర్మము రచయిత పేరే. ఆస్థాన రచయితల పేర్లను ప్రకటించు ఆచారము చందమామకు లేకుండెను. సంపాదకునిగా పేరు అచ్చుపడకున్నను, 1952 నుండి 1980లో మరణించువరకు ఆ పనిని నడిపినవారు కొడవటిగంటి కుటుంబరావుగారు. ధారావాహికలకు బొమ్మలు వేసిన 'చిత్ర'గారి సంతకము బొమ్మ మూలను కనబడెడిది. కథకుని పేరు మాత్రము ఎచ్చటను లేదు. ఏకేశ్వరుని పేర వెలసిన కోవెలలో శిల్పి పేరు లేనట్లే, పత్రిక ఒక్క గొంతుతో పలుకవలెనను తలంపు దానికి మూలము కావచ్చును. ఆ తలంపున కొంత ఔన్నత్యమును కలదు. కాని దాని ఫలితముగ, ఏకాక్షి చతుర్నేత్రుల పేర్లు కంఠస్థములైన పాఠకులు తమ కథకుని పేరెరుగక పెరిగి పెద్దవారైరి.

పోయిన జ్ఞాపకమును మరల తెచ్చినవారును ఆ పాఠకులే. పాత సంచికలు సేకరించి, పోగైన పుటలను క్రమపరచి, రచయిత ఎవరని విచారించి, ఇరువదియొకటవ శతాబ్ది తొలి దశకమున ఆయన పేరును లోకమునకు చాటిరి. 2010 జనవరిలో విజయవాడలో సుబ్రహ్మణ్యంగారు కన్నుమూసిరి. 2013 నాటికి చందమామయు నిలిచిపోయెను. ధారావాహికలు మాత్రము గ్రంథరూపమున, కర్తృనామముతో, నేటి పిల్లల చేతికి వచ్చినవి. కథలోని మిత్రులు శిథిలాలయమును వెదకినట్లే, ఒకరినొకరు ఎరుగని పాఠకులు కలిసి ఒక మనుష్యుని ఆచూకి తీసిరి.

ఇది ఒక్క రచయిత కథ కాదు. మదరాసువంటి నగరములలో తెలుగు ముద్రణాలయములు, పత్రికలు, చలనచిత్ర సంస్థలు నడచిన కాలమున పేరు లేక పనిచేసినవారు మరెందరో గలరు. అచ్చుకూర్చినవారు, దోషములు దిద్దినవారు, అనువదించినవారు ఆ కోవలోనివారే. వారి సమకాలికులు నానాటికి తగ్గిపోవుచున్నారు. ప్రతి పట్టణపు తెలుగు సంఘమును తమ వీధిలోని వృద్ధుల నడిగి, ఆ పేర్లను, వారు చేసిన పనులను తేదీలతో సహా వ్రాసి భద్రపరచిన, రాబోవు చరిత్రకారునికి ఊహలతో పని యుండదు.