గుత్తి నుంచి వెళ్లిన ఉత్తరం

గుత్తి అనగానే కొండమీది కోటో, రైలు జంక్షనో గుర్తొస్తుంది. భారత గణిత సంఘానికి బీజం పడింది కూడా అక్కడేనని చెబితే ఆ ఊరివాళ్లే ఆశ్చర్యపోతారేమో. 1906 డిసెంబరు 25న అక్కడి డిప్యూటీ కలెక్టరు వి. రామస్వామి అయ్యర్, లెక్కల పిచ్చి ఉన్న మిత్రులకు ఉత్తరాలు రాశారు: మనకూ ఒక సంఘం కావాలి, పుస్తకాలూ పత్రికలూ ఉమ్మడిగా తెప్పించుకుందాం అని.

అది అవసరంలోంచి పుట్టిన ఆలోచన. 1900లో పారిస్‌లో జర్మన్ గణితజ్ఞుడు హిల్బర్ట్ ముందుంచిన సమస్యలతో ఐరోపా గణితం కొత్త దారులు పడుతోంది. ఇక్కడేమో ఆ కొత్త గణితం అచ్చయ్యే పత్రికలన్నీ ఒక్కరే కొనడం కష్టం. అయ్యర్ చదువుకునే రోజుల్లోనే లండన్ ‘ఎడ్యుకేషనల్ టైమ్స్’కి వ్యాసాలు పంపితే, అక్కడివాళ్లు ఆయన్ని కాలేజీ ప్రొఫెసరే అనుకున్నారు. రెవెన్యూ ఉద్యోగంలో ఉన్నా ‘ప్రొఫెసర్’ అన్న పిలుపు పోలేదు.

1907 ఏప్రిల్‌లో 20 మందితో ఆ సంఘం ‘అనలిటిక్ క్లబ్’ పేరుతో మొదలైంది. పుణె ఫెర్గూసన్ కాలేజీలో గ్రంథాలయం పెట్టి, సభ్యులకు పుస్తకాలు పోస్టులో పంపేవారు. 1909లో సొంత పత్రిక వచ్చింది. నా దృష్టిలో అసలు సంగతి ఆ పత్రికే. ఎందుకో ఒక కుర్రవాడి కథ చెబుతుంది.

1910లో తిరుక్కోయిలూరులో ఉన్న అయ్యర్ దగ్గరికి ఒక కుర్రవాడు నోటుపుస్తకం పట్టుకుని, గుమాస్తా ఉద్యోగం అడగడానికి వచ్చాడు. ఆయన ఉద్యోగం ఇవ్వలేదు, సిఫార్సు ఉత్తరం ఇచ్చారు. చేతులు మారి మారి ఆ కుర్రవాడు నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావు దగ్గరికి చేరాడు. సంఘంలో ఈయనా ముఖ్యుడే; నెలనెలా సొంత డబ్బు పంపారు. ఆ కుర్రవాడు రామానుజన్.

1911లో అతని తొలి వ్యాసం సంఘం పత్రికలోనే అచ్చయింది. ఆ పత్రికలోనే పాఠకులకో ప్రశ్న వేశాడు: వర్గమూలం లోపల వర్గమూలం, దాని లోపల ఇంకొకటి, అంతులేకుండా సాగే సమాసం విలువెంత? ఆరు నెలలు ఎవరూ జవాబు పంపలేదు. చివరికి తనే చెప్పాడు, 3 అని. 3 అంటే 9కి వర్గమూలం. 9 అంటే 1 కలిపిన 2×4. ఆ 4 అంటే 16కి వర్గమూలం. 16 అంటే 1 కలిపిన 3×5. ఇక 5ని విప్పండి, తర్వాత 6ని. ఎంత తేలిక! అయితే ఆ వరుస నిజంగా ఒక విలువకు చేరుతుందని మాత్రం అతను రుజువు చేయలేదు. ఆ లోటు తర్వాత గణితజ్ఞుడు టి. విజయరాఘవన్ తీర్చారు.